ఫోన్ చేతిలో ఉంటే అన్నీ తెలిసినట్టే అనేవాళ్లకి

ఈ మాట మీ గ్రూపుల్లోకి కూడా ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది. ఎక్కాలు, రాజధానులు, సంవత్సరాలు బట్టీ పట్టే రోజులు పోయాయట, లోకంలో ఉన్న జ్ఞానమంతా ఇప్పుడు జేబులోనే ఉందట. అనుమానం వస్తే గూగుల్‌లో కొట్టగానే నిజం తేలిపోతుందట. ఇంకా పుకార్లు నమ్మేది చదువు రానివాళ్లు, కొత్తగా ఫోన్ పట్టిన పెద్దవాళ్లేనట. వినడానికి బాగానే ఉంది, అందుకే అంతలా షేర్ చేస్తున్నారు. ఒక్కో ముక్కా తీసి చూస్తే మాత్రం ఏదీ నిలబడదు.

ముందు జేబులో జ్ఞానం సంగతి. ఫోన్‌లో ఉన్నదేదో, మనకు నిజంగా తెలిసిందేదో మనకే తేడా తెలియకుండా పోతోంది, అసలు చిక్కు అది. యేల్ యూనివర్సిటీలో మాథ్యూ ఫిషర్ బృందం దీని మీద ప్రయోగాలు చేసి 2015లో ప్రచురించింది. జిప్ ఎలా పనిచేస్తుంది లాంటి ప్రశ్నలిచ్చి కొందరిని నెట్‌లో వెతకమన్నారు, కొందరిని వెతకొద్దన్నారు. ఆ తర్వాత వాటితో ఏ సంబంధమూ లేని వేరే ప్రశ్నలు చూపించి, వీటిని మీరు ఎంత బాగా వివరించగలరు అని అడిగారు. నెట్‌లో వెతికినవాళ్లు తమకు తాము ఎక్కువ మార్కులు వేసుకున్నారు. ఆ రెండో ప్రశ్నల గురించి వాళ్లు వెతకనే లేదు! జిప్ గురించి చూసొచ్చిన ధీమా మిగతా వాటికి కూడా పాకింది. గంట యూట్యూబ్ చూసి డాక్టరుతో వాదనకు దిగేవాళ్లని చూసినవారెవరికీ ఇదేం వింతగా అనిపించదు.

అలాగని "ఫోన్ వల్ల మెదడు మొద్దుబారిపోతోంది" అంటూ ఎదురు ఫార్వర్డ్ పంపే బ్యాచ్‌లో నేను లేను. గూగుల్ వల్ల జ్ఞాపకశక్తి మారుతోందంటూ 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్‌ని వాళ్లు తెగ చూపిస్తుంటారు, అందులో ఒక ప్రయోగాన్ని వేరే పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే అదే ఫలితం రాలేదని 2018లో బయటపడింది. ఫోన్ నంబర్లు గుర్తు లేకపోతే కొంపేమీ మునగదు. తలలో కొంతైనా సరుకు లేకపోతే దేన్ని అనుమానించాలో కూడా తెలియదు, నా గొడవ అంతవరకే.

గూగుల్‌లో కొడితే తేలిపోతుందన్న రెండో ముక్క కూడా అక్కడే బోల్తా పడుతుంది, ఎందుకంటే కొట్టాలంటే ముందు అనుమానం రావాలి. దీపావళి రాత్రి భారతదేశం, నాసా తీసిన ఫోటో అంటూ రంగురంగుల దీపాల బొమ్మ ఏటా వస్తుంది కదా. అది ఒక రాత్రి తీసిన ఫోటోనే కాదు. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా (NOAA)లో పనిచేసిన శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్, చాలా ఏళ్ల ఉపగ్రహ సమాచారాన్ని కలిపి, కాలం గడిచేకొద్దీ రాత్రి దీపాలు ఎక్కడెక్కడ పెరిగాయో ఒక్కో కాలానికి ఒక్కో రంగు వేసి 2003లో తయారుచేసిన చిత్రమది. ఈ సంగతి నాసానే 2012లో వివరించింది, దీపావళికి అదనంగా వచ్చే వెలుగు అంతరిక్షం నుంచి చూస్తే బహుశా తెలియనంత తక్కువని కూడా చెప్పింది. వివరణ వచ్చి ఇన్నేళ్లయినా బొమ్మ మాత్రం పండక్కి టంచనుగా దిగుతూనే ఉంది. చూసి మురిసిపోయిన మనిషికి వెతకాలని ఎందుకు అనిపిస్తుంది?

పోనీ వెతికారనుకుందాం. మనం టైప్ చేసిన మాటలకు సరిపోయేవే ముందుకొస్తాయి, కాబట్టి "ఫలానా ఆకు షుగర్ తగ్గిస్తుంది" అని కొడితే తగ్గిస్తుందని చెప్పేవే వరసగా కనిపిస్తాయి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ కోసం వెతికి, మోసగాళ్లు పెట్టిన నంబరుకి ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకోవద్దని సైబర్ పోలీసులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. అలా పోతే వెంటనే చేయాల్సిన నంబర్ 1930. ఇదొక్కటి మాత్రం బట్టీ పట్టండి, టెన్షన్‌లో వెతకడం మొదలుపెడితే మళ్లీ ఎవడికి దొరుకుతారో!

ఇక చదువు రానివాళ్లే నమ్ముతారన్న మాట. ఇది వింటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. 2016లో నోట్ల రద్దు తర్వాత కొత్త 2000 నోటులో చిప్ ఉందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందని ప్రచారం చేసింది ఎవరు? కొన్ని హిందీ టీవీ చానళ్లు గ్రాఫిక్స్ వేసి మరీ చూపించాయి. బ్యాటరీ లేని కాగితం ఉపగ్రహానికి సిగ్నల్ ఎలా పంపుతుందని అడగడానికి పదో తరగతి సైన్స్ చాలు, అయినా నాకు దాన్ని పంపినవాళ్లలో ఇంజనీర్లే ఎక్కువ. 2020లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకి కోళ్ల వ్యాపారం కుదేలైతే, ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో కేటీఆర్, ఈటల రాజేందర్ లాంటి అప్పటి తెలంగాణ మంత్రులు స్టేజీ మీద నిలబడి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అంతమంది కొనడం మానేశారంటే వాళ్లంతా నిరక్షరాస్యులేనా?

తెలిసి ఉండటం కూడా పూర్తిగా కాపాడదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫేజియో బృందం 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో "స్కాట్లాండ్ వాళ్లు వేసుకునే పొట్టి కుచ్చిళ్ల దుస్తుని చీర అంటారు" లాంటి తప్పుడు వాక్యాలు వాడారు. సరైన జవాబు కిల్ట్ అని తెలిసినవాళ్లకి కూడా, ముందే ఒకసారి చదివిన వాక్యం రెండోసారి కాస్త ఎక్కువ నిజంలా తోచింది. చీర సంగతికి మనం నవ్వుతాం. అదే నాలుగు గ్రూపుల్లో, నలుగురు బంధువుల పేర్లతో, ఒకే అబద్ధం పొద్దున్నుంచీ కనబడుతుంటే?

పుకార్లు ఎప్పుడూ ఉన్నవే అంటారు. నిజమే, 1995లో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న కబురు స్మార్ట్‌ఫోన్ లేకుండానే దేశమంతా పాకింది. కానీ 2018 జులైలో బీదర్ జిల్లాలో ఏం జరిగిందో చూడండి. హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితులు ఒక ఊళ్లో పిల్లలకు చాక్లెట్లిచ్చారు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని జనం పొరబడ్డారు. వాళ్లు కారులో తప్పించుకున్నా, వాట్సాప్ కబురు వాళ్లకంటే ముందే ముర్కి అనే ఊరికి చేరింది, అక్కడ దారికి అడ్డం పెట్టి కొట్టారు, ఒకరు చనిపోయారు. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఇదే పుకారు మీద ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పులతో, పాటలతో చెప్పించారు. చదువు పెద్దగా లేని ఆ ఊళ్లు ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి మాట విన్నాయి.

ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. దీనివల్ల వేగం తగ్గుతుంది తప్ప నమ్మకం తగ్గదు, పైగా కాపీ కొట్టి పేస్ట్ చేస్తే ఫార్వర్డ్ అన్న లేబులూ కనిపించదు.