చూశామన్నవాళ్ళంతా అబద్ధాలకోర్లేనా?

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకరి కారు బంపర్ పగిలింది. వెంటనే వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారి ప్రశ్న: "మధ్యాహ్నం వచ్చిన డెలివరీ కుర్రాడు గుద్దడం ఎవరైనా చూశారా?" అంటే గుద్దింది ఆ కుర్రాడేనని ముందే ఖాయం చేసేశారన్నమాట! సాయంత్రానికల్లా సాక్షులు తయారు. ఒకావిడైతే ఎర్ర బండి, చెవి దగ్గర ఫోను అంటూ వివరాలు కూడా ఇచ్చారు. తీరా సీసీ కెమెరా చూస్తే, రివర్స్ తీస్తూ తగిలించింది మూడో ఫ్లోర్ ఆయన. ఈలోగా ఆ కుర్రాణ్ణి వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. ఇంతవరకు ఒక్కరూ సారీ చెప్పలేదు.

ఇప్పుడందరూ ఆవిణ్ణి ఆడిపోసుకుంటున్నారు. నా కోపం మాత్రం ఆ ప్రశ్న మీద. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు" అనకుండా, నుజ్జయ్యేలా గుద్దుకున్నాయన్నట్టు అడిగారు. వారం తర్వాత, అలా అడిగిన 50 మందిలో 16 మంది పగిలిన అద్దం ముక్కలు చూశామన్నారు. ఫిల్మ్‌లో అద్దం పగలనే లేదు!

మనస్తత్వవేత్త మార్సియా జాన్సన్ సిద్ధాంతం ప్రకారం, ఇది చూసింది, ఇది విన్నది, ఇది ఊహించింది అని మెదడు చీటీలు అంటించి దాచదు. గుర్తొచ్చినప్పుడు ఎంత స్పష్టంగా ఉందో చూసి అంచనా కడుతుంది. బ్రెయినర్డ్, రేనా అనే మరో ఇద్దరు పరిశోధకులు ఇంకోలా చెబుతారు: వివరాలు త్వరగా చెరిగిపోతాయి, సారాంశం మిగులుతుంది, దాన్నుంచే మిగతాది అల్లుకుంటాం. మా సెల్లార్ కథకు జాన్సన్ మాటే అతుకుతుందని నాకనిపిస్తుంది. గ్రూపులో చదివిందే ఆవిడకు కళ్ళముందు కదిలి ఉంటుంది.

1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్గో విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలే క్షణం వీడియో అసలు లేదు. అయినా పది నెలల తర్వాత, టీవీలో ఆ దృశ్యం చూశారా అని అడిగితే, సగానికి పైగా చూశామన్నారు.

డచ్చివాళ్ళను చూసి నవ్వకండి. 1990 మార్చిలో బుద్ధ విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో మునగడం ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూశానని మా మావయ్య ప్రతి పెళ్ళిలోనూ చెబుతారు. "అప్పుడు మీ ఉద్యోగం గుంటూరులో కదండీ" అని అత్తయ్య అందిస్తే, "నీకేం గుర్తుంటాయే!" అని కసురుతారు.