మొండి గుండెదడకు రేడియేషన్: ఇంకా వెనకాడటం ఎందుకు?

మా మేనమామకు ఐసీడీ పెట్టారు, అంటే ప్రమాదకరమైన దడ వస్తే షాకిచ్చి గుండెను దారిలో పెట్టే చిన్న యంత్రం. ఒకరోజు అన్నం కలుపుకుంటుంటే అది షాక్ కొట్టింది, కంచం ఎగిరిపడింది. ఆ తర్వాత ఆయన అన్నానికి కూర్చుంటే ఎడమచేత్తో గోడ పట్టుకునే తినేవాడు. ప్రాణం నిలబెట్టేది ఆ యంత్రమే, కానీ మళ్లీ ఎప్పుడు కొడుతుందోనన్న టెన్షన్ మనిషిని కుదురుగా ఉండనివ్వదు.

ఆ దడ పేరు వెంట్రిక్యులర్ టాకీకార్డియా, గుండె కింది గదుల్లో పుడుతుంది. ఎక్కువగా పాత గుండెపోటు మచ్చ చుట్టూ కరెంటు సుడి తిరిగితే వస్తుంది. మందులకు లొంగకపోతే కాథెటర్ అబ్లేషన్ చేస్తారు, అంటే రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి ఆ చోటును వేడితో కాలుస్తారు. మచ్చ లోతుగా ఉంటే ఆ వేడి అక్కడిదాకా చేరదు. అలాంటివాళ్లకు రేడియేషన్ ఇవ్వాలన్నదే నా వాదన.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్యులు ఐదుగురికి ఇచ్చి, 2017 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. కోత లేదు, కాథెటర్ లేదు. ఒంటికి ఎలక్ట్రోడ్ల చొక్కా తొడిగి, స్కాన్లతో సరిచూసి చోటు గుర్తించారు. ఒకే విడతలో 25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), సగటున 14 నిమిషాలు. అంతకుముందు మూడు నెలల్లో ఐదుగురికీ కలిపి 6,577 సార్లు వచ్చిన దడ, మొదటి ఆరు వారాలు పక్కనపెడితే, తర్వాత అందరి ఫాలో-అప్ కలిపిన 46 నెలల్లో వచ్చింది 4 సార్లే!

ఐదుగురితో ఏం తేలుతుందని అడుగుతారు. వారిలో ఒకరు పక్షవాతంతో చనిపోయిన మాట నిజం. ఊపిరితిత్తుల వాపు, గుండె పొర వాపు కూడా రావచ్చు. కానీ అన్ని దారులూ మూసుకుపోయిన రోగికి పదేళ్ల తర్వాతి రిస్కు కన్నా వచ్చే నెల గడవడం ముఖ్యం. 2019లో వెలువడిన 19 మంది అధ్యయనంలోనూ, లెక్కకు అందిన 18 మందిలో 17 మందికి దడ తగ్గింది.

నన్ను కదిలించింది మాత్రం ఇంకొకటి. రేడియేషన్ కండరాన్ని చంపి మచ్చ చేస్తుందని, దానికి నెలలు పడుతుందని అనుకున్నారు. ఫలితం వారాల్లోనే కనిపించింది. అదే యూనివర్సిటీ 2021లో చెప్పిన కారణం వేరు: కణాలు చావడం కాదు, వాటిలో కరెంటును నడిపించే సోడియం చానెళ్లు (సోడియం లోపలికి వెళ్లే ద్వారాలు) పెరిగి కరెంటు మళ్లీ వేగంగా పారుతోందట. చంపే కిరణం అనుకున్నది మరమ్మతు చేస్తోంది!

ఇది బయటపడిందంటే అక్కడి గుండె వైద్యుడు కుకులిచ్, రేడియేషన్ వైద్యుడు రాబిన్సన్ ఒకేచోట కూర్చోబట్టే. మన దగ్గర లోటు అదే. ఈ రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి, విశాఖలో ఉన్నాయి. క్యాన్సర్‌కు వేర్వేరు విభాగాల వైద్యులు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు ఉన్నట్టు మొండి దడకూ ఒక బోర్డు పెట్టి, వారానికి గంటసేపు కూర్చోమనండి. మామయ్య ఫైలు మోసింది నేనే. కార్డియాలజీ రెండో అంతస్తులో, రేడియేషన్ గది అదే భవనం బేస్‌మెంట్‌లో. ఆ ఫైలు కిందికి పంపి చూద్దామని ఒక్కరూ అనలేదు.