పెద్ద ఒర, చిన్న తుపాకి, మధ్యలో మా అన్న

2024 మాఘమాసంలో ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి పోతే మా అన్న నిలబడి భోంచేశాడు. బఫే కాదు, బంతి భోజనమే, ఆకులేసి కూచోబెట్టి వడ్డిస్తున్నారు. అంత పెద్ద బంతిలో అందరూ కూచుంటే, అన్న ఒక్కడే స్తంభానికి ఆనుకుని చేతిలో ప్లేటుతో ఓళిగ తింటున్నాడు. పెళ్లికూతురి నాయన పరిగెత్తుకొచ్చి "ఏమన్నా, మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. తప్పేమీ జరగలేదు. కూచుంటే నడుముకున్న హోల్‌స్టర్, అదే తుపాకి ఒర, దాని కొస కుర్చీకి తగిలి, పిడి పైకి లేచి, పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది, అంతే. అది పదిమందిలో ఎట్లా చెప్పేది? "మోకాళ్ల నొప్పులబ్బా" అన్నాడు. భోజనాలయ్యేలోపు ముగ్గురు తైలాల పేర్లు చెప్పిపోయారు.

సీమ మనిషి చేతిలోని తుపాకి మీద సినిమాలు తీసినోళ్లు ఎంతమందో ఉన్నారు గానీ, దాన్ని నడుముకు తగిలించుకుని పొద్దస్తమానం తిరిగే మనిషి నడుము గురించి ఒక్కరూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నేనే తీసుకుంటున్నా. అర్హత ఏమిటంటారా, నాకు తుపాకి లేదు, స్కార్పియోలో అన్న పక్క సీటు ఉంది.

పెద్ద రివాల్వర్ అన్నది మొదట్నుంచీ మనిషి మొయ్యడానికి చేసింది కాదు. 1847లో కోల్ట్ కంపెనీ వాకర్ అనే రివాల్వర్ చేసింది, గొట్టమే తొమ్మిది అంగుళాలు, బరువు రెండు కిలోలు. అమెరికా సైనికులు దాన్ని నడుముకు కట్టుకోలేక గుర్రం జీనుకు వేలాడదీశారు. మోసింది గుర్రం, పేరు రౌతుకు. (సరిగ్గా అదే ఏడాది ఫిబ్రవరిలో మన కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశారు. ఆయనకు రివాల్వర్ లేదు, పేరు మాత్రం ఇప్పటికీ ఉంది. ఈ సంగతి అన్న ముందర అంటే ముఖం మాడ్చుకుంటాడు, అందుకే బ్రాకెట్లో పెట్టా.) ఇప్పటి కాలంలో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల 500 మోడల్ ఉంది, ఎనిమిది అంగుళాలు దాటిన గొట్టంతో అదీ రెండు కిలోలే, గుళ్లు పెట్టకముందే. రెండు కిలోలంటే ఒక మోస్తరు నాటుకోడి. కోడిని నడుముకు కట్టుకుని ఏడురోడ్ల కూడలిలో ఒక చుట్టు తిరిగి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

ఆ బరువుకు మామూలు బెల్టు ఆగదు. వెడల్పాటి, మందం తోలు బెల్టు కావాలి, ప్యాంటు కావాలి, ప్యాంటుకు లూపులు కావాలి. అన్నేమో పంచె మనిషి. మొలతాడు ఎంత బరువు మోస్తుందో ఇంతవరకూ ఏ ఐఐటీలోనూ పరీక్షించినట్లు లేదు, మేము మాత్రం ఒక శనివారం దేవుని కడప గుడి బయట పరీక్షించాం, ఫలితం ఇక్కడ రాయలేను. ఆ రోజు నుంచి అన్న ప్యాంటులోకి మారాడు. వదిన ఒక్కతే సంతోషపడింది.

కుడి నడుము కాకుంటే ఎడమ నడుము. పిడి ముందుకు వచ్చేట్టు ఎడమ పక్క అడ్డంగా పెట్టుకుంటే కార్లో కూచున్నప్పుడు నిజంగానే సుఖం, ఎక్కువసేపు బండి నడిపేవాళ్లు అదే మేలంటారు. కానీ అన్నకు పొట్ట ఉంది. పొట్టకూ పిడికీ మధ్య సరిహద్దు తగాదా మొదలై, రాయచోటి చేరేలోపు పొట్టే గెలిచింది. తర్వాత భుజానికి తగిలించుకునేది తెప్పించాం. చంక కింద పడుకోబెట్టినట్టు ఉండే ఆ రకంలో ఒక చిక్కుంది, గొట్టం కొస వెనకున్న మనిషి వైపు చూస్తుంటుంది. వెనక సీట్లో ఉన్న మా చిన్నాయన వేంపల్లె దాకా ఓర్చుకుని, "నన్ను యాడన్నా దింపండ్రా, బస్సులో వస్తా" అన్నాడు. పైగా అది కనపడకుండా పైన కోటు వేసుకోవాలి. కడపలో, ఎండాకాలంలో, కోటు! పెళ్లికొడుకులే వేసుకోలేక రిసెప్షన్‌లో మాడిపోతుంటారు.

రొమ్ము మీద ఏటవాలుగా కట్టుకునేది ఒకటుంది. అలాస్కాలో నడుంలోతు నీళ్లలో నిలబడి చేపలు పట్టేవాళ్లు ఎలుగుబంట్ల భయానికి అట్లా కట్టుకుంటారట, తడవదు, వీపున మూట ఉన్నా అడ్డం రాదు. ఎలుగుబంట్లంటే మనకూ తక్కువేం లేవు, కళ్యాణదుర్గం వైపు గుట్టల్లో కావలసినన్ని. కాకపోతే వన్యప్రాణి చట్టంలో వాటిది ఒకటో షెడ్యూలు, అంటే చట్టం ముందు అన్నకంటే ఎలుగుబంటికే రక్షణ ఎక్కువ. పెన్నా నదిలో నడుంలోతు నీళ్లు ఎప్పుడొస్తాయో చెబితే ఆ మోడల్ గురించి ఆలోచిస్తామని అన్న అన్నాడు.

తోలు సంగతి మాత్రం ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నా. కడపలో చెప్పులు కుట్టే ఆయన, అన్న తెచ్చిన రెండు తోలు ముక్కలు వాసన చూసి ఒకటి పక్కన పడేశాడు. "ఇది క్రోమ్ మందులేసింది సామీ, ఇనుము తుప్పు పడతాది. తంగేడు చెక్కతో పదును చేసిన తోలైతే మేలు. అయినా రాత్రిపూట దాంట్లోనే పెట్టి పెట్టొద్దు, తోలు చెమట తాగుతాది, ఆ తడి ఇనుముకు పోతాది." నేను విన్న మొత్తం సలహాల్లో పనికొచ్చింది ఇదొక్కటే. అన్న వినలేదు. ఆయనకు కావలసింది తుప్పు పట్టనిది కాదు, కనపడేది.

అసలు తిరకాసు ఇక్కడే. 2016 ఆయుధ నిబంధనలు ఏమంటాయంటే, చేతి తుపాకిని బయటికి తెస్తే హోల్‌స్టర్ లాంటి దాంట్లో పెట్టి, పూర్తిగా కప్పి ఉంచాలి. కప్పి ఉంచాక ఇంకెందుకు? నలుగురికీ కనపడకపోతే అది తుపాకా, గాల్‌బ్లాడర్ రాయా? నేనొక ఉపాయం చెప్పా. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలును గీకి గీకి అద్దంలా చేసి తోలుబొమ్మలు చేస్తారు, దీపం పెడితే అవతల వెలుగు కనిపిస్తుంది. దాంతో కుట్టిస్తే కప్పినట్టూ ఉంటుంది, కనపడినట్టూ ఉంటుంది, చట్టానికీ అన్నకూ ఇద్దరికీ న్యాయం. అన్న రెండు రోజులు సీరియస్‌గా ఆలోచించాడు.

ఇంతకీ ఆ హోల్‌స్టర్ ఎక్కడిదంటే, డాలస్‌లో ఉన్న వదిన తమ్ముడు పంపింది. "గొట్టం ఎంత పొడుగు బావా" అని వాట్సాప్‌లో అడిగితే, అన్న "ఉన్నదాంట్లో పెద్దది పంపు" అన్నాడు. ఆ పిల్లోడు ఎనిమిదిన్నర అంగుళాలది పంపాడు. అన్న లైసెన్సు మీద ఉన్నది కాన్పూరు ఆయుధ ఫ్యాక్టరీ వాళ్ల రివాల్వర్. వాళ్లు 2023లో లాంగ్ రేంజ్ అని చెప్పి విడుదల చేసిన ప్రబల్ అనే రివాల్వర్ గొట్టమే 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు, అన్నది కూడా అదే కొలత. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఈ ఒరలో ఇంకో రెండు తుపాకులు పడతాయి. మిగిలిన ఐదున్నర అంగుళాల్లో ఏముందో నేను ఒకసారి కారు శుభ్రం చేస్తూ చూశా. అన్న పాత బనియను, నాలుగు మడతలు. అది లేకపోతే రివాల్వర్ అడుక్కు జారిపోతుంది, తియ్యాలంటే ఊరగాయ జాడీని బోర్లించినట్టు బోర్లించి తట్టాలి.

పెళ్లిలో ఆ మనిషి నిలబడి తిన్నది బనియను కోసం.

మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. లైసెన్సు ఆయుధాలు అన్నీ స్టేషన్‌లో అప్పజెప్పమన్నారు. అన్న మీసం దువ్వుకుని, స్కార్పియోలో పోయి, రివాల్వర్ ఇచ్చి, రసీదు తీసుకున్నాడు. హోల్‌స్టర్ ఇమ్మని ఎవరూ అడగలేదు. ఏప్రిల్ అంతా, మే 13న పోలింగ్ రోజు దాకా, అది ఖాళీగానే నడుముకు ఉంది, చొక్కా ఎత్తు అట్లే ఉంది, నమస్కారాలూ అట్లే ఉన్నాయి. మధ్యలో ఎప్పుడో అందులోకి పవర్ బ్యాంక్, కళ్లజోడు, బీపీ మాత్రల స్ట్రిప్ చేరాయి. మెత్తగా వంగుతుండటంతో కూచోవడం కూడా వచ్చింది. ముద్దనూరులో ఒక గృహప్రవేశంలో అన్న బంతిలో కూచుని, సంగటీ నాటుకోడి పులుసూ రెండుసార్లు వేయించుకోవడం నా కళ్లారా చూశా.

జూన్ 4న లెక్కింపు అయిపోయింది, కోడ్ ఎత్తేశారు. నెలాఖరుకు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది, నేనే ఎత్తి అన్నకిచ్చా.

"అన్నా, అందరూ తీసకపోయినారు, మీదొక్కటే ఉండాది."

"వస్తాలే సామీ, ఈ వారం కొంచెం టైట్‌గా ఉండాది" అని అన్న హోల్‌స్టర్‌లోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, పెళ్లిపత్రికలో భోజనాల టైము ఎప్పుడో చూసుకుంటున్నాడు.