అతుకుల బొంతపై ఒక గృహ విచారణ

టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి గత నెల ఫోనులో, తన ఇంజనీరింగ్ కాలేజీ నాటి టీషర్టులన్నిటినీ జాగ్రత్తగా తీసి ఉంచమనీ, అక్కడ అలాంటివాటిని చదరాలుగా కత్తిరించి మెమొరీ క్విల్ట్ అనే పేరుతో కుట్టి ఇచ్చేవాళ్లున్నారనీ, అయితే అందుకు వందల డాలర్లు అడుగుతారు గనుక ఆ పని మన వీధి టైలరు చేత చేయించి పంపితే బాగుంటుందనీ సెలవిచ్చింది. జ్ఞాపకాలకు సంబంధించిన వ్యవహారాన్ని తేలికగా తీసుకోరాదని భావించి, ఇంటి పెద్ద హోదాలో నేను విచారణ చేపట్టాను. ఆ హోదా నాకు ఇలాంటి సందర్భాల్లో మాత్రమే దక్కుతుంది.

మొదటి గంటలోనే దిగ్భ్రాంతికరమైన వాస్తవాలు బయటపడ్డాయి. మొదటి సంవత్సరం వేసుకున్న బ్రాంచి టీషర్టు పొయ్యి గట్టు మీద మసిగుడ్డగా సేవలందిస్తోంది. కాలేజీ ఉత్సవంలో వాలంటీరుగా తిరిగినప్పటిది నా స్కూటరు సీటు కింద మడతపడి ఉంది. వీడ్కోలు నాడు స్నేహితులందరూ స్కెచ్ పెన్నులతో సంతకాలు చేసినది మాత్రం అలమర అడుగున, పెళ్లి పట్టుచీరలకు రక్షణగా, దొరికింది. మా ఆవిడ ఇచ్చిన వాంగ్మూలాన్ని యథాతథంగా నమోదు చేస్తున్నాను: "నాలుగేళ్లు ఇస్త్రీ మడతలో పెట్టానండీ, అడిగిన వాళ్లు లేరు. మసిగుడ్డ చేశాకే అందరికీ జ్ఞాపకాలు పొంగుకొస్తున్నాయి." ఈ వాంగ్మూలాన్ని ఖండించే సాక్ష్యమేదీ నాకు దొరకలేదు.

నిజానికి టీషర్టుకు మన ఇళ్లలో ఆశ్రమ ధర్మాలున్నాయి. బయటికి వేసుకునే దశ, ఇంట్లో వేసుకునే దశ, గోడలకు సున్నం వేసే రోజున వేసుకునే దశ దాటాక అది కర్ర చివర సన్యాసం పుచ్చుకుంటుంది. 2014 అక్టోబరులో స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు మా ఆఫీసులో పంచిన టీషర్టు ఇప్పుడు మా హాలు తుడుస్తోంది. ఒక ప్రభుత్వ నినాదం ఇంత అక్షరాలా అమలు కావడం నేనెరిగినంతలో ఇదే ప్రథమం.

అమెరికా వాళ్లు దీనికి క్విల్ట్ అని పేరు పెట్టారు గానీ, ఇది బొంత. మా అమ్మమ్మ వేసవి మధ్యాహ్నాల్లో అరుగు మీద కూర్చుని, చిరిగిన నేత చీరలనూ తాతగారి పంచెలనూ ఐదారు పొరలుగా పరిచి, పాత చీర అంచు నుంచే దారం లాగి, పెద్ద సూదితో ఈ చివరి నుంచి ఆ చివరికి కుట్టుకుంటూ పోయేది. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ముందు దానిమీదే పడుకున్నాడు, ముందు దాన్నే తడిపాడు. మన పత్రికలు సంకీర్ణ ప్రభుత్వాలను వెక్కిరించాలనుకున్నప్పుడల్లా 'అతుకుల బొంత' అంటాయి. ఆ పోలిక బొంతకు అన్యాయమని నా అభిప్రాయం. ఎన్టీ రామారావుగారు అధ్యక్షులుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ తరఫున 1989 డిసెంబరులో ఢిల్లీలో కుట్టిన ప్రభుత్వం పదకొండు నెలలకే పిగిలిపోయింది. మా అమ్మమ్మ బొంత ముప్పై ఏళ్లు నిలిచింది. పైగా దానికి బయటి నుంచి మద్దతు అవసరం కాలేదు.

ఆ బొంత చివరికి ఏమైందన్నది విచారణలో మరో చేదు అధ్యాయం. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనుల్లో అరిగిపోయిన ప్యాంట్లతోనూ చొక్కాలతోనూ చలికి కప్పుకోవడానికి కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళా మ్యూజియం గోడలకు వేలాడదీసింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మా అమ్మమ్మ బొంతను, "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా" అంటూ వచ్చిన మనిషికి, మరి మూడు ప్యాంట్లతో కలిపి ఇచ్చి, మేము ఒక స్టీలు బేసిను తీసుకున్నాం. బేసిను ఇప్పటికీ బాగానే ఉంది.

ఇక లెక్కకు వద్దాం. అతుకు పదిహేను అంగుళాల చదరం చొప్పున అడ్డం నాలుగు, నిలువు ఐదు వేస్తే అరవై అంగుళాల వెడల్పు, డెబ్బై ఐదు అంగుళాల పొడవు వస్తుంది. అంటే ఇరవై టీషర్టులు కావాలి. మసిగుడ్డను పదవి నుంచి తప్పించి, సీటు కింది దాన్ని ఉతికించినా అమ్మాయివి మూడే తేలాయి. తక్కిన పదిహేడూ జాతి ప్రయోజనాల దృష్ట్యా నేను సమకూర్చాను. వాటిని మంచం మీద వరసగా పరిచి చూసినప్పుడు, గడిచిన ముప్పై ఏళ్లలో నేను డబ్బు పెట్టి కొన్న టీషర్టు ఒక్కటీ లేదనే సత్యం నాకు బోధపడింది. సిమెంటు కంపెనీ డీలర్ల సమావేశంలో ఇచ్చినవి రెండు, బీమా ఏజెంటు ఇచ్చినది ఒకటి, మోటారు పంపులవి మూడు, ఎన్నికల్లో పరస్పరం కత్తులు నూరుకున్న రెండు పార్టీలవి చెరొకటి. పది కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నట్టు ధ్రువీకరించేది కూడా ఒకటుంది; నేను రెండో కిలోమీటరు దగ్గర టీ కొట్టు చూసి ఆగిపోయిన సంగతి దాని మీద అచ్చు వేయలేదు. మా అమ్మమ్మ చీరల్లో అక్షరం ముక్క లేదు గానీ ఏ చీర ఏ పెళ్లినాటిదో అందరికీ తెలిసేది. నా పదిహేడు టీషర్టుల నిండా అక్షరాలే, వాటిలో నా గురించిన మాట మాత్రం 'ఎక్స్‌ట్రా లార్జ్' ఒక్కటే.

వీధి చివరి టైలరు మూటను విప్పి చూసి, "గిది బొంతనే గద సార్, మా నాయినమ్మ కుడుతుండె" అన్నాడు. ఇది మెమొరీ క్విల్ట్ అని సవరించాను. ఆయన తల ఊపి, వంద రూపాయలు పెంచాడు. పనిమంతుడే. టీషర్టు గుడ్డ సాగుతుంది గనుక ఊరికే కుడితే చదరాలు వంకరపోతాయనీ, ఒక్కో ముక్క వెనక పేస్టింగ్ అనే అతుక్కునే గుడ్డను ఇస్త్రీతో అంటించాకే కత్తెర వేయాలనీ, అచ్చు బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టె ఆనిస్తే రంగు కరిగి పెట్టెకే అంటుకుంటుందనీ, అందుకు మధ్యలో పలచని గుడ్డ వేయాలనీ ఆయనే చెప్పాడు. ఈ చివరి నియమం ఆయన కుర్రవాడికి తెలియకపోవడం వల్ల ఒక పార్టీ నాయకుడి చిరునవ్వు ఇస్త్రీ పెట్టెకు బదిలీ అయింది. లోపల వేయడానికి పలచని దూది పరుపు, అడుగున వేయడానికి గుడ్డ కావాలంటే, మా ఆవిడ మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్లి, తన పాత మంగళగిరి చీర ఒకటి తెచ్చి ఇచ్చింది.

పది రోజులకు బొంత వచ్చింది. సిమెంటు పక్కన బీమా, దాని పక్కన మోటారు పంపు, మధ్యలో సంతకాల టీషర్టు. దూరం నుంచి చూస్తే జాతీయ రహదారి పక్కన హోర్డింగులు గాలివానకు కూలి ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంది. ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మాయికి సగర్వంగా చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "నాన్నా, నాకు మోటారు పంపు ఎప్పుడుంది?" అని అడిగింది. నేను జవాబు సిద్ధం చేసుకునేలోగా బొంత కొస మడత పడి, వెనకవైపు బయటపడింది. "అది అమ్మ ఆకుపచ్చ చీర కదూ? అటువైపు తిప్పండి, అదే బాగుంది" అంది.

ఆ ప్రకారం, పార్సిలు కట్టే లోపు, నా ముప్పై ఏళ్ల చరిత్ర ప్రస్తుతం మా మంచం మీద బోర్లా పడుకొని ఉంది.