మణికట్టు మీది మేస్టారికి విన్నపం

స్మార్ట్‌వాచీ మేస్టారూ,

రాత్రి తొమ్మిదయ్యేసరికి ఠంచనుగా వణుకుతారు: "ఇంకో 6,800 అడుగులే, లేవండి!" రైతుబజారుకెళ్లి సంచీడు కూరలు తెస్తే రెండ్రోజులు మంచం దిగలేని మనిషితోనా ఈ మాట? మీరు పట్టుకు వేలాడే రోజుకి 10,000 అడుగుల లెక్క ఏ డాక్టరూ చీటీ మీద రాసింది కాదు. 1965లో జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ తన అడుగుల మీటరు అమ్ముకోవడానికి ఎత్తుకున్న అంకె.

దీర్ఘకాలిక అలసట జబ్బులో శ్రమకి బిల్లు ఆ రోజే రాదు. తరచుగా 12 నుంచి 48 గంటల తర్వాత వస్తుంది. మీరు మాత్రం ఆ సాయంత్రమే తెర మీద టపాసులు కాల్చేసి చేతులు దులుపుకుంటారు.

లెక్కలైనా సరిగ్గా ఉన్నాయా అంటే, చపాతీలు వత్తితే నడకంటారు. సింహాచలం మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కితే చెయ్యి ఊగదు కాబట్టి సగం మింగేస్తారు. నిలబడగానే గుండె పరుగెత్తే పాట్స్ జబ్బులో, లేచిన పది నిమిషాల్లోపే పల్స్ ఉన్నదానికంటే నిమిషానికి 30 గానీ అంతకు పైగా గానీ పెరుగుతుంది. ఓపీ క్యూలో అలా గోడకి ఆనుకున్న మనిషిని "వర్కవుట్ మొదలెట్టారా?" అని పలకరిస్తారు, ఎంత మర్యాదో! 220లోంచి వయసు తీసేసి, అదే గరిష్ఠ పల్స్ అనుకుని మీరు గీసే శ్రమ జోన్లు బీటా బ్లాకర్ మందు వాడేవాళ్లకి చెల్లవు. ఆ మందు గుండె వేగం పెరగకుండా పట్టి ఉంచుతుంది. వాళ్లు రొప్పుతుంటే మీకది "తేలికపాటి శ్రమ".

పైగా మన విశాఖ ఉక్కపోత. చెమటకి పట్టీ జారిందా, మీ పచ్చ లైటు నాడిని వదిలేసి అడుగుల తాళాన్నే పల్స్ అనుకుంటుంది. అందుకని ఇకపై మీ చోటు మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, బిగువుగా. రాత్రి పట్టీ కడిగి ఆరబెడతాం, లేకపోతే దద్దుర్లు.

కొత్త డ్యూటీ వినండి. "లేచి కదలండి" బంద్, వరస రోజుల పతకాలూ బంద్. ఒంట్లో బాగోని రోజు ఎన్ని అడుగులు పడతాయో అదే గరిష్ఠం. దాటితే ఆపండి, చప్పట్లు కొట్టకండి. పొద్దున లేవకముందు పల్స్‌కి వారం సగటు తీసి, 15 కలిపి, అక్కడ మోగండి. బీటా బ్లాకర్ వాళ్లకి ఆ అంకె డాక్టరు చెప్పాలి. మీ హై హార్ట్ రేట్ అలారం చాలా మోడళ్లలో మనిషి కదలకుండా ఉంటేనే మోగుతుంది, అదో తెలివి. అందుకే గిన్నెలు తోముకునేటప్పుడు కూడా వర్కవుట్ మోడ్ పెట్టి, అందులో పల్స్ పరిమితి సెట్ చేస్తాం. బ్యాటరీ గబగబా అయిపోతుంది, మీ ఖర్మ.

ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ ఛాలెంజ్ గానీ పంపారో, డ్రాయర్లోనే మీ మకాం.

ఇట్లు,
మీ చార్జరు ఎవరి చేతిలో ఉందో వాళ్లు