లూథరన్లు బైబిల్‌ని వదిలేశారా? ఎవరన్నారు?

"లూథర్ బైబిల్‌లో ప్రతి మాటనీ అక్షరాలా పట్టుకున్నాడు, ఇప్పటి లూథరన్లు జర్మన్ ప్రొఫెసర్ల మాటలు విని వాక్యాన్ని వదిలేశారు, ఆడవాళ్లకి గురుపట్టం ఇవ్వడమే సాక్ష్యం." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది, కింద లేవీయకాండం వచనాలు రెండు తగిలించి మరీ. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన నాటినుంచి లూథరన్లుగా ఉన్న కుటుంబాలవాళ్లు కూడా ఫార్వర్డ్ చేస్తుంటే ఊరుకోలేక రాస్తున్నా.

ముందు లూథర్ సంగతి, అంటే లూథరన్ సంఘాలకి మూలపురుషుడైన 16వ శతాబ్దపు జర్మన్ సంస్కర్త సంగతి. 1522లో జర్మన్ కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు హెబ్రీ, యాకోబు, యూదా పత్రికల్నీ ప్రకటన గ్రంథాన్నీ చివరికి నెట్టి, విషయసూచికలో వాటికి నంబర్లు కూడా వేయలేదు. యాకోబుది గడ్డి పత్రిక అన్నాడు. ప్రకటన గ్రంథం తన మనసుకి పట్టడం లేదని ముందుమాటలోనే రాసేశాడు (1530లో ఆ ముందుమాట మార్చాడనుకోండి). ఆయన గీటురాయి ఒకటే, ఈ పుస్తకం క్రీస్తుని చూపిస్తోందా లేదా అని. అలాగని మాటల్ని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు, 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో, ప్రభురాత్రి భోజనంలో రొట్టె క్రీస్తు శరీరానికి గుర్తు మాత్రమే అన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో వాదనకి కూర్చుని, "ఇది నా శరీరము" అని బల్ల మీద సుద్దతో రాసిపెట్టుకుని చివరిదాకా దానిమీదే నిలబడ్డాడు.

లేవీయకాండం వచనాలంటారా, మోషే ధర్మశాస్త్రం యూదులకిచ్చింది, మనల్ని ఆ రూపంలో కట్టిపడేయదు అని 1525లో ప్రసంగించింది లూథరే.

ఇక జర్మన్ ప్రొఫెసర్లు. బైబిల్‌లోని అద్భుతాల్ని పురాణభాషగా చదివిన 20వ శతాబ్దపు పండితుడు బుల్ట్‌మన్ లూథరనే, కానీ ఆయన పద్ధతిని లూథరన్లందరూ తలకెత్తుకున్నారా? అమెరికాలో మిస్సోరి సినడ్ అనే సంప్రదాయ లూథరన్ సంఘం 1973 మహాసభలో, బైబిల్‌ని విమర్శనాత్మకంగా చదువుతున్న తన సెమినరీ (పాస్టర్లని తయారుచేసే కళాశాల) అధ్యాపకుల బోధనే తప్పని తీర్మానించింది, మరుసటి ఏడాది వాళ్లలో ఎక్కువమంది, విద్యార్థులతో సహా, బయటికి నడిచి వేరే సెమినరీ పెట్టుకున్నారు. ఇంత గొడవ పడ్డవాళ్లని పట్టుకుని "వాక్యం పట్టించుకోరు" అనడమేంటి?

గురుపట్టం విషయమూ అంతే. అమెరికాలోనే రెండు లూథరన్ సంఘాలు 1970లో స్త్రీలకి ఇచ్చాయి, మిస్సోరి సినడ్ ఇప్పటికీ ఇవ్వదు, లాట్వియా సంఘం 2016లో మగవాళ్లకే అని నియమావళిలో రాసుకుంది. అందరూ ఒప్పుకునేది లూథరన్ల మూల ఒప్పుకోలైన అదే ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, చదివేది అదే బైబిల్.

లూథర్ చెప్పిన ప్రతి మాటనీ పట్టుకోవడమే లూథరన్ లక్షణమైతే, 1543లో యూదుల మీద ఆయన రాసిన విషాన్ని ఏం చేద్దాం? అమెరికాలోని అతిపెద్ద లూథరన్ సంఘం 1994లో దాన్ని బహిరంగంగా తిరస్కరించింది. అదీ వాక్యం వదిలేయడమేనా, మెసేజ్ పంపేవాళ్లు చెప్పాలి.