సవరణ: అలాక్రిటీ కాన్ఫిగ్ ఇప్పుడు యామల్‌లో కాదు, టామల్‌లో

నేను ముందు పెట్టిన పోస్టులో అలాక్రిటీ (Alacritty, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ, అంటే దాని కాన్ఫిగ్, యామల్ (YAML) ఫైల్‌లో రాసుకోమన్నాను, అది తప్పు. 0.13 వెర్షన్ (2023 డిసెంబర్) నుంచి టామల్‌కి (TOML, సెట్టింగులు రాసే ఇంకో ఫైల్ పద్ధతి) మారిపోయారు, ప్రాజెక్టు వాళ్ల రిలీజ్ నోట్స్‌లోనే క్లియర్‌గా ఉంది. యామల్ ఒక్కటే ఉంటే చదువుతుంది కానీ పాతబడింది మార్చుకోండి అని వార్నింగ్ ఇస్తుంది, అదే రెండూ ఉన్నాయనుకోండి టామల్‌నే తీసుకుంటుంది, అప్పుడు యామల్‌లో ఎన్ని మార్పులు చేసినా స్క్రీన్ మీద ఏమీ మారదు.

చేత్తో తిరగరాయక్కర్లేదు, టెర్మినల్‌లో alacritty migrate అని టైప్ చేసి ఎంటర్ కొడితే అదే మార్చి పెడుతుంది, కాకపోతే ఫైల్‌లో మీరు గుర్తు కోసం రాసుకున్న కామెంట్లు పోతాయి కాబట్టి పాత ఫైల్ కాపీ ఒకటి ఉంచుకోండి.

రాసే పద్ధతి కూడా వేరు. ఇంతకుముందు ఫాంట్ అని రాసి కోలన్ పెట్టి, కింద రెండు స్పేసులు వదిలి సైజ్ ఇచ్చేవాళ్లం కదా, ఇప్పుడు ఫాంట్ అనేది స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టి కింది లైన్‌లో సైజ్ = 12 అని రాస్తే చాలు. స్పేస్ ఒకటి తేడా వస్తే ఫైలంతా ఎర్రర్ కొట్టే బాధ ఇందులో లేదు, నాకైతే ఇదే నచ్చింది.

ఇంకోటి, 0.14 వెర్షన్ నుంచి ఇంపోర్ట్ లైను (వేరే ఫైల్‌లోని సెట్టింగులు తెచ్చుకునేది) జనరల్ సెక్షన్‌లోకి, షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) సెట్టింగ్ టెర్మినల్ సెక్షన్‌లోకి వెళ్లాయి. థీమ్ (రంగుల) ఫైల్ ఇంపోర్ట్ చేసుకున్నవాళ్లు ముందు అది చూసుకోండి. ఫైల్ పెట్టే చోటు మాత్రం మారలేదు, లినక్స్‌లో హోమ్ కింద డాట్ కాన్ఫిగ్‌లో అలాక్రిటీ ఫోల్డరే.